పని చేసిన రెండో రోజున కూలబడే నీరసం: కండరాల్లో శక్తి లోపం, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్

ఈ పాఠం అమెరికాలో పనిచేస్తున్న తెలుగువారి కోసం. కంప్యూటర్ ఉద్యోగులు, ఆసుపత్రి నర్సులు, హోటల్ వంటశాలల్లో, గిడ్డంగుల్లో, దుకాణాల్లో నిలబడి పనిచేసేవారు, విద్యార్థులు ఎవరైనా చదవవచ్చు. నెలల తరబడి నీరసంగా ఉండి, ఎంత నిద్రపోయినా తగ్గక, కాస్త ఎక్కువ పని చేస్తే మర్నాడో ఎల్లుండో మంచం దిగలేని స్థితి వస్తున్నవారు తప్పనిసరిగా చదవాలి. మీ గదిలో అలాంటి మనిషి ఉంటే మీరు కూడా చదవండి.

ఇక్కడి డాక్టర్లు దీన్ని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు. మయాల్జిక్ ఎన్‌కెఫలోమయలైటిస్ అనే ఇంకో పేరు కూడా కలిపి, కాగితాల మీద పొట్టిగా ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని రాస్తారు. మన వాడుకలో దీనికి సరైన మాట లేదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

డాక్టరు దగ్గర "నీరసం" అంటే ఏమవుతుంది?

మనం నీరసం అని ఒక్క మాటలో చెప్పేది ఇంగ్లీషులో మూడు నాలుగు వేరువేరు సంగతులు. చాలామంది దాన్ని "వీక్‌నెస్" అని చెబుతారు. ఆ మాట వినగానే డాక్టరు మీ చేతులు నొక్కి, కాళ్ళు తన్నమని, కుర్చీలోంచి లేవమని బలం పరీక్షిస్తారు. అది ఒక్క నిమిషం పరీక్ష. ఆ ఒక్క నిమిషం మీ బలం మామూలుగానే ఉంటుంది. రక్త పరీక్షలూ బాగానే వస్తాయి. "మీకేమీ లేదు, వ్యాయామం చెయ్యండి, ఒత్తిడి తగ్గించుకోండి" అని పంపేస్తారు. డాక్టరు అబద్ధం చెప్పలేదు, మీరూ చెప్పలేదు. మాట ఒకటి, జబ్బు ఇంకొకటి అయింది.

ఈ జబ్బులో బలం లేకపోవడం కంటే, బలం నిలవకపోవడం ముఖ్యం. ఒకసారి బరువు ఎత్తగలరు. పదోసారి ఎత్తలేరు. ఆ పదిసార్లకీ జరిమానా ఆ రోజు కాక, ఒకటి రెండు రోజుల తరవాత పడుతుంది. దీని పేరు పోస్ట్ ఎగ్జర్షనల్ మలేజ్. పొట్టిగా పి.ఇ.ఎం. ఈ మూడు మాటలూ కంఠస్థం చెయ్యండి, కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. దాని తరవాత మీ సొంత లెక్క చెప్పండి: "శుక్రవారం రెండు గంటలు ఎక్కువ పని చేశాను, ఆదివారం స్నానానికి కూడా లేవలేకపోయాను, బుధవారానికి కోలుకున్నాను." "ఎప్పుడూ అలసటగా ఉంటుందండీ" అనే దానికంటే ఈ వాక్యం డాక్టరుకి పదింతలు ఉపయోగం.

ఆలస్యంగా వచ్చే ఈ దెబ్బ వల్ల రోగికి కూడా కారణం తెలియదు. వారమంతా లాక్కొచ్చి శనివారం, ఆదివారం పడిపోతారు. గదిలో ఉన్నవాళ్ళు "సెలవు రోజే వీడికి జబ్బు, వంట వంతు వచ్చేసరికి నీరసం" అంటారు. ఊరికి ఫోన్ చేస్తే అమ్మ "వేడి చేసింది నాయనా, మజ్జిగ తాగు" అంటుంది. ఎవరినీ తప్పుపట్టలేం. పనికీ పడిపోవడానికీ మధ్య రెండు రోజుల దూరం ఉంటే రెండిటికీ ముడిపెట్టడం ఎవరికైనా కష్టమే.

కండరానికి శక్తి ఎక్కడినుంచి వస్తుంది?

ఈ సంగతిలో మనవాడొకడిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి 1923లో బోస్టన్ వచ్చారు. చేతిలో డబ్బు లేక రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న పని చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టి 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. కండరం కదలడానికి ఖర్చయ్యేది ఈ ఏటీపీయే.

డబ్బు లెక్కలో చెప్పుకుందాం. ఏటీపీ మీ జేబులోని చిల్లర. కొద్ది సెకన్లకే అయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ ఇంట్లో పోపుల డబ్బాలో దాచిన డబ్బు. గట్టిగా పరుగెడితే సుమారు పది సెకన్లు ఆదుకుంటుంది. ఆ తరవాత నెల జీతం లాంటి అసలు ఆదాయం కావాలి. కణాల్లో ఉండే మైటోకాండ్రియా అనే చిన్న భాగాలు ఆక్సిజన్ వాడుకుని ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు తయారు చేస్తాయి. ఆక్సిజన్ చాలకపోతే, లేదా మైటోకాండ్రియా సరిగా పనిచేయకపోతే, కండరం అడ్డదారి తొక్కుతుంది. ఆ దారిలో ఒక్క గ్లూకోజ్ నుంచి నికరంగా దొరికేవి రెండే. పైగా లాక్టేట్ పేరుకుంటుంది, ఆమ్లం పెరుగుతుంది, కాళ్ళు పీకుతాయి, మండుతాయి. ఇది వడ్డీ వ్యాపారి దగ్గర చేబదులు. తక్షణం పని నడుస్తుంది, వడ్డీ తరవాత కట్టాలి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి మెట్లు పరుగున ఎక్కినప్పుడు ఈ అడ్డదారిలోకి వెళ్తాడు. ఈ జబ్బు ఉన్నవారిలో కొందరు బట్టలు ఉతకడానికో, వేడినీళ్ళ స్నానానికో, అరగంట నిలబడి వంట చెయ్యడానికో ఆ గీత దాటేస్తారు.

పరీక్షల్లో ఏం కనిపించింది?

కాలిఫోర్నియాలోని వర్క్‌వెల్ ఫౌండేషన్ పరిశోధకులు ఒక ముఖ్యమైన పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. ముఖానికి మాస్కు పెట్టి, సైకిలు తొక్కించి, ఎంత ఆక్సిజన్ వాడుతున్నారో కొలుస్తారు. మర్నాడు మళ్ళీ అదే పరీక్ష చేస్తారు. మామూలు మనిషి, అసలు వ్యాయామం చెయ్యనివాడు కూడా, రెండో రోజు దాదాపు అంతే తొక్కుతాడు. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి రెండో రోజు అంకెలు పడిపోతాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం, ఇథాకా కాలేజీ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఈ తేడా కనిపించింది. ఒక్క రోజు పరీక్షతో పట్టుబడని సంగతి ఇది. అయితే జాగ్రత్త: ఈ పరీక్షే మనిషిని పడగొట్టవచ్చు. జబ్బు తీవ్రంగా ఉన్నవారు చేయించుకోకూడదు.

బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో డాక్టర్ డేవిడ్ సిస్ట్రమ్ బృందం రక్తనాళాల్లో సన్నని గొట్టాలు పెట్టి, సైకిలు తొక్కుతుండగా కొలిచింది. కొందరిలో గుండెకి తిరిగి చేరే రక్తం తక్కువ. కొందరిలో రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కండరాలు దాన్ని తగినంత తీసుకోవడం లేదు. ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్.ఐ.హెచ్.లో డాక్టర్ పాల్ హ్వాంగ్ బృందం 2023లో ఇంకో సంగతి చెప్పింది. రోగుల కండరపు ముక్కల్లో వాస్ఫ్3 అనే ప్రోటీన్ సగటున ఎక్కువగా ఉందనీ, అది ఎక్కువైతే మైటోకాండ్రియా పని కుంటుపడుతుందనీ చూపింది. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2024లో కోవిడ్ తరవాత ఇదే రకం బాధ ఉన్న 25 మంది తొడ కండరం నుంచి వ్యాయామానికి ముందు, తరవాత ముక్కలు తీసి చూశారు. వ్యాయామం తరవాత కండరంలో దెబ్బతిన్న గుర్తులు పెరిగాయి.

అందరూ ఒకే మాట మీద లేరు. ఎన్.ఐ.హెచ్. 2024లో 17 మంది రోగుల మీద ప్రచురించిన పెద్ద పరిశీలన, అలసట మూలం కండరంలో కంటే మెదడు శ్రమను అంచనా వేసే తీరులో ఉందని చెప్పింది. రోగులు, కొందరు శాస్త్రవేత్తలు దాన్ని గట్టిగా విమర్శించారు. ఈ వాదన ఎటు తేలినా మీరు చెయ్యవలసింది మారదు.

ఈ జబ్బుకి అమెరికాలో పాత చరిత్రే ఉంది. నెవాడా రాష్ట్రంలో టాహో సరస్సు ఒడ్డున ఇంక్లైన్ విలేజ్‌లో 1984, 85లలో చాలామంది ఇలా మంచాన పడ్డారు. కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. వచ్చి పరిశీలించింది. 1988లో ఈ పేరు పెట్టారు. పేరులో "ఫెటీగ్" ఉండటం వల్ల చాలా ఏళ్ళు ఇది బద్ధకస్తుల జబ్బుగా చెలామణీ అయింది. పేరు పెట్టినవారు ఇంకాస్త ఆలోచించి ఉంటే బాగుండేది. 2015లో వైద్య శాస్త్ర నిపుణుల జాతీయ సంఘం ఇది నిజమైన శారీరక జబ్బు అని తేల్చింది. సి.డి.సి. లెక్క ప్రకారం 2021-22లో అమెరికాలోని పెద్దవారిలో 1.3 శాతం మంది ఈ జబ్బు ఉందని చెప్పారు. ఆడవారిలో ఎక్కువ. ఫ్లూ, కోవిడ్ వంటి జ్వరం తరవాత మొదలవడం తరచుగా చూస్తాం.

వ్యాయామం చెయ్యమంటే?

ఇది అన్నిటికంటే ముఖ్యం. చాలా సంవత్సరాలు డాక్టర్లు "రోజూ కొంచెం కొంచెం పెంచుతూ వ్యాయామం చెయ్యండి" అని చెప్పేవారు. సి.డి.సి. ఆ సలహాను 2017లో తీసేసింది. బ్రిటన్ ప్రభుత్వ సంస్థ నైస్ 2021లో తీసేసింది. మీ డాక్టరు పాత సలహా చెబితే మర్యాదగా ఈ సంగతి గుర్తుచెయ్యండి. జిమ్‌లో చేరితే పోతుందని స్నేహితులు చెబితే నవ్వి ఊరుకోండి.

వలస వచ్చిన మనకి ఒక అలవాటు ఉంది. ఒంట్లో బాగాలేకపోయినా పంటి బిగువున పని చేస్తాం. అప్పులుంటాయి, ఇంటికి డబ్బు పంపాలి, వీసా పని మీద ఆధారపడి ఉంటుంది. మామూలు జ్వరానికి ఆ మొండితనం సరిపోతుంది. ఈ జబ్బులో అది పనికిరాదు. మొండిగా నెట్టుకొచ్చి పూర్తిగా మంచాన పడ్డవారు ఉన్నారు.

చెయ్యవలసింది పేసింగ్. ఉన్న శక్తిలో పొదుపుగా ఖర్చుపెట్టడం. బాగున్న రోజున మిగిలిపోయిన పనులన్నీ ఒకేసారి చేసేయకండి. అలసట రాకముందే ఆపండి. వచ్చాక ఆపితే ఆలస్యమైనట్టే. కూరగాయలు కూర్చుని తరగండి. బాత్‌రూంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకోండి, గోరువెచ్చని నీళ్ళే పోసుకోండి. బట్టలు రెండుసార్లుగా ఉతకండి. రెండు పనుల మధ్య కళ్ళు మూసుకుని, ఫోన్ చూడకుండా పడుకోండి. ఫోన్ చూడటం, మీటింగులో మాట్లాడటం, లెక్కలు చూడటం కూడా ఖర్చే. గుండె వేగం చూపే చేతి గడియారం ఉంటే వర్క్‌వెల్ వారి లెక్క పనికొస్తుంది: వారం రోజులు విశ్రాంతిలో ఉన్నప్పటి గుండె వేగం సగటు తీసి, దానికి 15 కలపండి. ఆ అంకె దాటితే కూర్చోండి. మొదట్లో లేచి నిలబడితేనే దాటేస్తుంది, భయపడకండి. అది మీ ఖర్చు ఎంతో చెప్పే మీటరు మాత్రమే.

నిలబడితే కళ్ళు తిరగడం, గుండె దడ ఉంటే పడుకుని, నిలబడి బి.పి., నాడి కొలవమని డాక్టరును అడగండి. నీళ్ళు, ఉప్పు పెంచడం, బిగుతు మేజోళ్ళు కొందరికి మేలు చేస్తాయి. బి.పి., కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఉప్పు పెంచకూడదు.

మందుల గురించి. ఈ జబ్బుకి అమెరికా ఔషధ సంస్థ ఎఫ్.డి.ఎ. ఆమోదించిన మందు ఇప్పటివరకు లేదు. నిద్రకి, నొప్పికి, దడకి విడిగా మందులిస్తారు. ఊళ్ళో నీరసం అంటే ఆర్.ఎం.పి. దగ్గర సెలైన్ ఎక్కించుకుని, బి కాంప్లెక్స్ సూది వేయించుకోవడం మనకి అలవాటు. ఇక్కడ కూడా వందల డాలర్లు తీసుకుని "ఎనర్జీ డ్రిప్" పెట్టే దుకాణాలున్నాయి. ఏటీపీ పెంచుతామని అమ్మే సీసాలూ ఉన్నాయి. ఆ డబ్బు మంచి డాక్టరు ఫీజుకి దాచుకోండి.

ముందు వేరే జబ్బులు కాదని తేల్చుకోండి

నీరసం అంటే వెంటనే ఇదే జబ్బు అనుకోకూడదు. రక్తహీనత, థైరాయిడ్, చక్కెర, బి12, డి విటమిన్ లోపం, నిద్రలో ఊపిరి ఆగడం, కాలేయం, కిడ్నీ జబ్బులు, మానసిక కుంగుబాటు కూడా ఇలాగే ఉంటాయి. శాకాహారుల్లో బి12 లోపం ఎక్కువ, అది సులువుగా తగ్గుతుంది. కొలెస్ట్రాల్ మందు స్టాటిన్ వాడుతున్నవారికి కండరాల నొప్పులు వస్తే డాక్టరుకి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సి.కె. అనే రక్త పరీక్ష కూడా అడగండి.

నిజంగానే బలం పోతే, అంటే కుర్చీలోంచి లేవలేకపోవడం, చేతులు తలపైకి ఎత్తలేకపోవడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం ఉంటే, అది వేరే కండరాల జబ్బు కావచ్చు. ఆలస్యం చెయ్యకండి. కష్టమైన పని తరవాత మూత్రం కోకాకోలా రంగులో వస్తే, ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం ఉంటే, 911కి ఫోన్ చెయ్యండి. చచ్చిపోవాలనిపిస్తే 988కి ఫోన్ చెయ్యండి, దుబాసీ కావాలని అడగవచ్చు. ఈ జబ్బులో ఒంటరితనం మనిషిని నలిపేస్తుంది, అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

2015 నాటి ప్రమాణాల ప్రకారం, ఆరు నెలలకు పైగా మునుపటి పనులు చేసుకోలేకపోవడం, పి.ఇ.ఎం., నిద్రపోయినా తేరుకోకపోవడం, ఈ మూడూ ఉండాలి. వీటితోపాటు మతిమరుపు, ఆలోచన మందగించడం గానీ, నిలబడితే బాధ పెరగడం గానీ ఉండాలి. ఆసుపత్రిలో తెలుగు దుబాసీని ఉచితంగా అడగండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఏర్పాటు చెయ్యాలి. బంధువుల పిల్లలను దుబాసీగా తీసుకెళ్ళకండి.

ఉద్యోగం, వీసా

ఇక్కడ తొందరపాటు వల్ల చాలా నష్టం జరుగుతుంది. "ఒంట్లో బాగాలేదు, మానేస్తాను" అని రాజీనామా చెయ్యకండి. హెచ్-1బి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వరకే ఇక్కడ ఉండే వెసులుబాటు ఉంటుంది. వీసా గడువు ముందే యజమాని మిమ్మల్ని తీసేస్తే స్వదేశానికి తిరిగి వెళ్ళే ప్రయాణ ఖర్చు ఆయన ఇవ్వాలి. మీరంతట మీరు మానేస్తే ఆ హక్కు పోతుంది.

ముందు కాగితం సంపాదించండి. డాక్టరు రికార్డులో "అలసట" అని కాక జబ్బు పేరు ఉండాలి. 2022 అక్టోబరు నుంచి దీనికి ప్రత్యేక కోడ్ ఉంది: జి93.32. ఎన్ని గంటలు కూర్చోగలరు, ఎంతసేపు నిలబడగలరు, శ్రమ తరవాత ఎన్ని రోజులు పడిపోతారు అన్నవి ఉత్తరంలో రాయించండి.

50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న యజమాని దగ్గర ఏడాది పైగా, గడిచిన 12 నెలల్లో కనీసం 1,250 గంటలు పనిచేసినవారికి ఎఫ్.ఎం.ఎల్.ఎ. చట్టం కింద 12 వారాల వరకు జీతం లేని సెలవు ఉంటుంది. మీరు పనిచేసే చోటికి 75 మైళ్ళ లోపు ఆ 50 మంది ఉండాలి. వైద్య అవసరం ఉంటే ఆ సెలవును ముక్కలుగా, వారానికి ఒక రోజు చొప్పున కూడా వాడుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. పడిపోయే జబ్బుకి ఇదే సరిగ్గా కుదిరేది. 15 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట ఎ.డి.ఎ. చట్టం కింద కుర్చీ, ఎక్కువ విరామాలు, షిఫ్టు మార్పు వంటి సర్దుబాట్లు అడగవచ్చు. ఇందుకు పౌరసత్వం అక్కరలేదు. ఏమేం అడగవచ్చో జాబ్ అకామొడేషన్ నెట్‌వర్క్ ఉచితంగా చెబుతుంది. ఇంటినుంచి పని అడిగేముందు ఇల్లు వేరే ఊళ్ళో ఉంటే జాగ్రత్త. హెచ్-1బి వారికి పనిచేసే ప్రాంతం మారితే కొత్త దరఖాస్తు అవసరం కావచ్చు. పని గంటలు తగ్గించుకునే ముందు కూడా ఇమిగ్రేషన్ లాయరును అడగండి. మాటల్లో ఒప్పుకున్నవాటిని ఈమెయిల్‌లో మళ్ళీ రాసి పంపించి ఉంచుకోండి.

కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాల్లో తాత్కాలిక అశక్తత భీమా ఉంది. మీ జీతం చీటీ చూడండి, ఆ పేరుతో డబ్బు కోస్తుంటే మీరు దరఖాస్తు పెట్టవచ్చు. విద్యార్థులు డాక్టరు ఉత్తరంతో కాలేజీ అధికారి అనుమతి ముందుగా తీసుకుంటే తక్కువ కోర్సులు చదవవచ్చు. ఒక డిగ్రీకి మొత్తం 12 నెలల వరకే. అనుమతి రాకముందే తరగతులు మానేస్తే వీసా హోదా పోతుంది.

రాయబార కార్యాలయం, కాన్సులేట్లు వైద్యం చేయించలేవు, యజమానితో కేసు నడపలేవు. మీ రాష్ట్రం ఏ కాన్సులేట్ కిందకి వస్తుందో తెలుసుకుని, ఇబ్బంది వస్తే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చెయ్యండి. తెలుగు సంఘాల వారు వండి తెచ్చిపెట్టడం, డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్ళడం వంటి సాయం చేస్తుంటారు.

కొన్నాళ్ళు ఇండియా వెళ్ళి ఉండాలనుకుంటే, వెళ్ళేముందు వైద్య రికార్డుల నకళ్ళు తీసుకోండి. అవి పొందడం మీ హక్కు. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అడగండి, దానికి డబ్బు తీసుకోరు. నడవగలిగినా అడగండి, ఎందుకంటే క్యూలో రెండు గంటల నిలుపుకి జరిమానా ఇంటికి చేరాకే పడుతుంది. దిగిన తరవాత మూడు రోజులు చుట్టాలను రావద్దని ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.